అమృతా షేర్‌గిల్ మీద తెలుగు పరిశోధన నిధి: కడప ప్రాజెక్టు డైరీ

ఒక చిత్రకారుడి మీదో చిత్రకారిణి మీదో ఆన్‌లైన్‌లో పరిశోధన నిధి కట్టాలనుకునే చిన్న బృందాల కోసం ఈ డైరీ. రెండు కంప్యూటర్లు, ఒక స్కానరు, మూడు హార్డ్ డిస్కులతో కడపలో జరుగుతున్న పని ఇది. అమృతా షేర్‌గిల్ 1913 జనవరి 30న బుడాపెస్ట్‌లో పుట్టి, 1941 డిసెంబర్ 5న లాహోర్‌లో 28 ఏళ్లకే పోయారు. ఆమె చిత్రాల్లో వందకు పైగా ఢిల్లీ జైపూర్ హౌస్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉన్నాయి. చిత్రాలు కొన్నే, వాటి గురించి రాసినవి మాత్రం బోలెడు. ఆ రాతలు ఒకదానితో ఒకటి కలవవు. ఇబ్బందంతా అక్కడే.

బొమ్మలు చూడాలంటే ఎక్కడైనా దొరుకుతాయి. ఈ తేదీ ఎవరు చెప్పారు, ఈ కొలత ఎవరు తీశారు అనే ప్రశ్నలకు తెలుగులో ఒకచోట జవాబు దొరకాలి. లలితకళలు చదివే పిల్లలు వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు కావలసింది అదే. కింద ఉన్న ప్రతి మార్పుకూ కారణం ఇదే.

దశ 1: ఒక చిత్రానికి ఒక వరుస

మొదటి పట్టిక మామూలు స్ప్రెడ్‌షీట్. కాలమ్‌లు ఆరు: పేరు, సంవత్సరం, మాధ్యమం, కొలత, ఉన్న చోటు, మూలం. 64 వరుసలు నిండేసరికి పట్టిక పనికిరాకుండా పోయింది. ఎక్కడెక్కడ తెగిందో విడివిడిగా చెప్పాలి, ఎందుకంటే ఎవరు మొదలుపెట్టినా ఇదే పట్టికతో మొదలుపెడతారు.

పేర్లు. 1935 నాటి ముగ్గురమ్మాయిల చిత్రం ఒకచోట 'త్రీ గర్ల్స్', ఇంకోచోట 'గ్రూప్ ఆఫ్ త్రీ గర్ల్స్'. చిత్రం ఒక్కటే అయినా రెండు వరుసలు పడ్డాయి. దీనికి తలకిందులు ఇంకొకటి: 'ది స్టోరీ టెల్లర్' 1937 నాటిది, 'ది ఏన్షెంట్ స్టోరీ టెల్లర్' 1940 నాటిది. రెండూ వేరువేరు చిత్రాలు. మొదటిది 2023 సెప్టెంబరులో వేలంలో 61.8 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది, రెండోది నేషనల్ గ్యాలరీలో ఉంది. తెలుగు పేరు కాలమ్‌లో రెండింటికీ 'కథకుడు' అని పడడంతో రెండూ ఒకే వరుసలో కలిసిపోయి, వేలం ధర గ్యాలరీ చిత్రం పక్కన చేరింది. 'సెల్ఫ్ పోర్ట్రెయిట్' పేరుతో ఉన్నవైతే సంవత్సరం, కొలత, ఒంటిమీది బట్టలు చూస్తే గానీ విడదీయలేం.

సంవత్సరాలు. ముగ్గురమ్మాయిల చిత్రం 1935లో వేసింది, దానికి బాంబే ఆర్ట్ సొసైటీ బంగారు పతకం వచ్చింది 1937లో. 'యంగ్ గర్ల్స్' 1932 నాటిది, పారిస్ సలోన్ (అక్కడి పేరున్న చిత్ర ప్రదర్శన) గుర్తింపు 1933లో. ఒక్క 'సంవత్సరం' కాలమే ఉంటే పతకం ఏడాది చిత్రం వేసిన ఏడాదిగా మారిపోతుంది. ఒకసారి మారాక ఎవరూ పట్టుకోలేరు, చూడడానికి అది సరైన అంకెలాగే ఉంటుంది.

చోటు. 1936-37 దక్షిణాది ప్రయాణం తరువాత వచ్చిన మూడు పెద్ద చిత్రాలు 'బ్రైడ్స్ టాయిలెట్', 'బ్రహ్మచారీస్', 'సౌత్ ఇండియన్ విలేజర్స్ గోయింగ్ టు మార్కెట్'. వాటిలో ఉన్నది దక్షిణాది మనుషులు, వేసింది సిమ్లా తిరిగొచ్చాక. 'చోటు' అనే ఒక్క గడిలో ఏది రాసినా సగమే నిజం.

స్ప్రెడ్‌షీట్ తానే చేసే చెరుపు ఇంకొకటి. 5/12/1941 అని కొడితే, అమెరికా అమరికలున్న కంప్యూటరు దాన్ని మే 12గా తీసుకుంటుంది. తండ్రి ఉమ్రావ్ సింగ్ పుట్టిన 1870 నాటి తేదీని ఎక్సెల్ తేదీగా ఒప్పుకోనే ఒప్పుకోదు, దాని క్యాలెండరు 1900 జనవరి 1తో మొదలవుతుంది. ఆ గడి అక్షరాలుగా మిగిలి, వరుసలో పెట్టినప్పుడు అడుగుకు పోతుంది.

*ఇప్పటికి: వరుసలు 64. వాటిలో వేరే వరుసకు నకళ్లు 15. రెండు చిత్రాలు కలిసిపోయిన వరుసలు 2. అసలు కృతులు 51.*

దశ 2: పాఠాల పట్టిక

పరిష్కారం కడపలోనే ఉంది. ఎర్రముక్కపల్లెలో ఇప్పుడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉన్న చోట, ఆ కాలంలో బ్రౌన్ తన బంగళాలో పండితుల్ని జీతాలిచ్చి పెట్టుకున్నాడు. ఒకే కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులన్నీ తెప్పించి, పక్కపక్కన పెట్టించి, తేడాలు రాయించాడు. మన పండితులకు ఇది కొత్తేమీ కాదు: ఏ ప్రతిలో ఏ పాఠం (అందులో రాసి ఉన్న రూపం) ఉందో రాయి, ఆ తరువాతే ఏది మేలో చెప్పు. చిత్రాల పట్టికకూ అదే పద్ధతి పెట్టాం.

ఒక్క పట్టిక తీసేసి నాలుగు కట్టాం, చిన్న డేటాబేసు ప్రోగ్రాము ఎస్‌క్యూలైట్‌లో:

1. కృతులు: శాశ్వత సంఖ్య మాత్రమే. పేరు కూడా ఇందులో ఉండదు.
2. ఆధారాలు: పుస్తకం, కేటలాగు, వేలం జాబితా, గోడమీది చీటీ, పత్రిక వ్యాసం. ఒక్కోదానికి ఒక సంఖ్య.
3. పాఠాలు: ఏ కృతి, ఏ అంశం (పేరు, కొలత, మాధ్యమం, సొంతదారు, ఉన్న చోటు), ఆధారంలో ఉన్నది ఉన్నట్టుగా, ఏ ఆధారం, ఏ పుట.
4. సంఘటనలు: వేయడం, ప్రదర్శన, పతకం, అమ్మకం, సేకరణలో చేరడం. ఒక్కోదానికి తేదీ, చోటు, ఆధారం.

'ఉన్నది ఉన్నట్టుగా' అన్న మాట దగ్గర గట్టిగా నిలబడాలి. ఆధారంలో కొలత అంగుళాల్లో ఉంటే అంగుళాల్లోనే ఎక్కించాలి, స్పెల్లింగ్ తప్పుంటే తప్పుతోనే. దిద్దినది పక్క కాలమ్‌లో. ఎక్కించేటప్పుడే దిద్దితే, రేపు ఆ తప్పు ఎక్కడ పుట్టిందో వెనక్కి వెళ్లి చూసే దారి మూసుకుపోతుంది.

పాఠాలు రెండు మూడు ఉన్నప్పుడు పేజీలో ముందు ఏది కనబడాలి? 'ఇష్టపాఠం' అని ఒక గుర్తు, దాని పక్కన కారణం రాసే గడి. కారణం గడి ఖాళీగా ఉంటే గుర్తు పడకుండా ప్రోగ్రాములోనే అడ్డు పెట్టాం. 'ఎక్కువ పుస్తకాల్లో ఇలా ఉంది' అన్నది కారణంగా చెల్లదు. పుస్తకాలు ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసుకుంటాయి, అయిదు పుస్తకాలు కలిసి ఒక్క ఆధారం కావచ్చు. అందుకని ఆధారాల పట్టికలో 'ఇది దేన్ని చూసి రాసింది' అనే కాలమ్ తరువాత చేర్చాల్సొచ్చింది. మొదటే పెట్టుకోండి.

*ఇప్పటికి: కృతులు 51, పాఠాలు 418, ఆధారాలు 37.*

దశ 3: తేదీలు, కొలతలు

తేదీలకు ఈడీటీఎఫ్ పద్ధతి, అంటే సుమారు, అనుమానం లాంటివి కూడా గుర్తులతో రాయగలిగే తేదీ రాత. ఇది 2019లో ఐఎస్ఓ 8601 ప్రమాణం రెండో భాగంలో చేరింది. నేర్చుకోవడానికి పూట చాలు:

- 1937 అంటే ఆ ఏడాది.
- 1937~ అంటే సుమారుగా.
- 1937? అంటే అనుమానం. సుమారు వేరు, అనుమానం వేరు.
- 1936/1937 అంటే ఆ రెంటి మధ్య కాలం.

కంప్యూటరుకు ~, ? గుర్తులు వరుసలో పెట్టడం రాదు. ప్రతి తేదీకి 'మొదటి ఏడాది', 'చివరి ఏడాది' అని కనబడని రెండు అంకెల కాలమ్‌లు పెట్టి, వరుస వాటితో చేయించాలి. 1937~ కి ఎన్నేళ్లు అటూఇటూ అన్నది ముందే తేల్చుకోవాలి. షేర్‌గిల్ విషయంలో ఏడాదికి మించి ఇస్తే అర్థం లేకుండా పోతుంది. 1934 చివర్లో ఇండియా వచ్చింది మొదలు పోయేదాకా ఏడేళ్లే, ఆ ఏడేళ్లలో చేతి తీరు రెండు మూడుసార్లు మారింది. అటు రెండేళ్లు, ఇటు రెండేళ్లు వదిలితే అజంతా చూడకముందు వేసినదీ చూశాక వేసినదీ ఒకే బుట్టలో పడతాయి.

కొలతల్లో వచ్చే తేడాలకు కారణాలు మూడే. మొదటిది నిలువు-అడ్డం తారుమారు. మ్యూజియంలు నిలువు ముందు రాస్తాయి, కొన్ని జాబితాలు అడ్డం ముందు రాస్తాయి. బొమ్మ చూసి సరిచూడాలి: అడ్డంగా పరుచుకున్న చిత్రానికి నిలువు ఎక్కువగా ఉంటే తారుమారైందని తెలిసిపోతుంది. రెండోది అంగుళాల నుంచి మార్చడం. 24×30 అంగుళాలు అంటే 61.0×76.2 సెంటీమీటర్లు. ఎవరో దాన్ని 61×76 చేస్తారు, ఇంకొకరు తిరిగి అంగుళాల్లోకి తెచ్చి 24×29.9 రాస్తారు. తేడా అర సెంటీమీటరు లోపు ఉంటే ఒకే కొలతగా, దాటితే వేరే పాఠంగా లెక్కపెడుతున్నాం. మూడోది ఫ్రేముతో కలిపి కొలవడం. రెండు వైపులా ఒకే అంత ఎక్కువ కనబడితే, ఉదాహరణకు నిలువులో 9, అడ్డంలో 9 సెంటీమీటర్లు, అది ఫ్రేము కొలతే అనుకోవచ్చు. అది కూడా పాఠమే, చెరిపేయకుండా 'ఫ్రేముతో' అని గుర్తు పెట్టాలి.

దశ 4: పేర్లు, వెతుకులాట

ఎక్కువ సమయం తిన్నది ఇదే.

'షేర్‌గిల్' అని ఈ డైరీలో ఉన్న మాటలో ర్ తరువాత కంటికి కనబడని గుర్తు ఒకటుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. అది లేకపోతే ర, గ కలిసి వత్తు పడి 'షేర్గిల్' అవుతుంది. ఫోన్‌లో టైపు చేసేవాళ్లలో చాలామంది ఆ గుర్తు కొట్టరు. కొందరు ఖాళీ వదిలి 'షేర్ గిల్' అని రాస్తారు, కొందరు గీత పెడతారు, పాత పత్రికల్లో 'శేర్గిల్' కూడా కనిపిస్తుంది. మనిషికి ఇవన్నీ ఒకటే, యంత్రానికి అయిదు వేర్వేరు మాటలు. మామూలు వెతుకులాట పెట్టెలో 'షేర్గిల్' కొడితే ఆమె మీదే కట్టిన నిధిలో ఒక్క ఫలితమూ రాలేదు.

ప్రతి పేరుకూ ఒక వెతుకుడు తాళం (పోల్చడానికి సులువు చేసిన రూపం) తయారుచేసి పక్క కాలమ్‌లో దాచాం. చదివేవాళ్లు కొట్టిన మాటకూ అదే మార్పు చేసి, తాళాన్ని తాళంతో పోలుస్తాం. క్రమం ముఖ్యం:

1. అక్షరాలన్నిటినీ ఎన్‌ఎఫ్‌సీ రూపానికి (ఒక అక్షరానికి ఒకే సంకేతం ఉండే యూనికోడ్ రూపం) తేవాలి. ఐత్వం గుర్తు ఒకే సంకేతంగా (0సి48) రావచ్చు, రెండు ముక్కలుగా (0సి46, 0సి56) రావచ్చు. తెరమీద తేడా ఉండదు. ఇది ముందు చేయకపోతే మిగతావన్నీ వృథా.
2. 200సి, 200డి గుర్తులు (రెండూ కంటికి కనబడనివే) తీసేయాలి.
3. ఖాళీలు, గీతలు తీసేయాలి.
4. శ, ష లను స చేయాలి.
5. దీర్ఘ ఏత్వం, ఓత్వం, ఈత్వం, ఊత్వాలను హ్రస్వం చేయాలి. చివరి దీర్ఘం తీసేయాలి (అమృతా, అమృత).
6. ఋత్వాన్ని రేఫం మీద ఇకారం చేయాలి (అమృత, అమ్రిత).
7. హల్లు ముందున్న న్, మ్ లనూ, చివరి మ్‌నూ సున్న చేయాలి (సుందరమ్, సుందరం).

'షేర్‌గిల్', 'షేర్ గిల్', 'షెర్గిల్', 'శేర్గిల్' అన్నిటికీ 'సెర్గిల్' అనే ఒకే తాళం వస్తుంది. దీనికి లొంగనివి ఉన్నాయి: పేరు చివరి భాగాన్ని 'జిల్' అని చదివినవాళ్లు రాసిన రూపం. అలాంటివి చేత్తో మారురూపాల జాబితాలో చేర్చుకోవడమే.

ఈ తాళాన్ని వ్యాసాల పాఠమంతటికీ పెట్టకూడదు. పెట్టి చూస్తే 'శాల'కూ 'సాల'కూ తేడా పోయి, అడిగినదానికి సంబంధం లేని పేజీలు కుప్పలుగా వచ్చాయి. మనుషుల పేర్లు, ఊర్ల పేర్లు, కృతుల పేర్లకు మాత్రమే వాడండి.

హంగేరీ పేర్లతో ఒక జాగ్రత్త. హంగేరీవాళ్లు మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. అమృత భర్త విక్టర్ ఎగన్ అక్కడి పత్రాల్లో 'ఎగన్ విక్టర్'. ఇంగ్లీషు ఆధారాల్లో అటుది ఇటు. 'ఇంటిపేరు', 'పేరు' అని రెండు కాలమ్‌లు లేకపోతే ఒకే మనిషి ఇద్దరవుతాడు.

ఊర్లకు 'అప్పటి దేశం', 'ఇప్పటి దేశం' వేరువేరుగా. 1941 లాహోర్‌ను ఒట్టి పాకిస్తాన్ అని రాస్తే చరిత్ర తప్పు, ఒట్టి ఇండియా అని రాస్తే పటంలో తప్పు. గోరఖ్‌పూర్ దగ్గరి సరాయా (ఆమె కొన్నేళ్లు ఉన్న ఊరు) అప్పుడు యునైటెడ్ ప్రావిన్సెస్, ఇప్పుడు ఉత్తరప్రదేశ్.

*ఇప్పటికి: కృతులు 51, పాఠాలు 530, మారురూపాలున్న పేర్లు 88.*

దశ 5: స్కానింగు (ఏప్రిల్, మే)

కడపలో ఈ నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మధ్యాహ్నం పని సాగదు. తెల్లారి ఆరు నుంచి పదకొండు దాకా మాత్రమే. ఎండకు పాత కాగితం బాగా పెళుసెక్కుతుంది, మూల మడిస్తే విరిగి చేతికొస్తుంది. పేజీని మూలతో తిప్పకుండా, కింద గట్టి కాగితం దూర్చి తిప్పాలి.

స్కానరు కొనేటప్పుడు సన్నగా, తేలిగ్గా ఉండే సీఐఎస్ రకం వద్దు. అద్దానికి ఆనిన కాగితాన్ని అది బాగానే తీస్తుంది గానీ, లావుపాటి పుస్తకంలో నడుమ మడత దగ్గర కాగితం రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లేస్తే అక్కడి అక్షరాలు అలికినట్టు వస్తాయి. పుస్తకాన్ని అదిమితే కుట్టు తెగుతుంది. సీసీడీ రకం బరువుగా, నిదానంగా ఉంటుంది, మడత దగ్గరా అక్షరం నిలుస్తుంది.

అచ్చైన చిత్రాల పేజీలు చుక్కలతో అచ్చైనవి. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) తీస్తే ఆ చుక్కలకూ స్కానరు గీతలకూ పొత్తు కుదరక బొమ్మమీద అలల్లాంటి చారలు పడ్డాయి. 'హిల్ విమెన్' అచ్చులో దుప్పట్ల చదునైన రంగుమీద ఇవి మరీ కొట్టొచ్చినట్టు కనిపించాయి. షేర్‌గిల్ చిత్రాల్లో ఇలాంటి చదును రంగులే ఎక్కువ కాబట్టి దీన్ని వదిలేయడానికి లేదు. దారి: 600లో తీసి, కొద్దిగా మసక చేసి, తరువాత సగానికి తగ్గించాలి. ముందు తగ్గించి తరువాత మసక చేస్తే చారలు పోవు.

ఎంత జాగా పడుతుందో ముందే లెక్కేసుకోండి. ఏ4 పేజీకి:

- 600 డీపీఐ, రంగుల్లో: 4960×7016 చుక్కలు, టిఫ్ ఫైలు (కుదించని బొమ్మ ఫైలు) సుమారు 104 ఎంబీ.
- 300 డీపీఐ, రంగుల్లో: సుమారు 26 ఎంబీ.
- 300 డీపీఐ, నలుపు-తెలుపు ఛాయల్లో: సుమారు 8.7 ఎంబీ.

అన్నీ 600లో రంగుల్లో తీయాలన్నది మొదటి ఆలోచన. 860 పేజీలకు 89 జీబీ పైనే అయ్యేది. అచ్చు చిత్రాలున్న 140 పేజీలే అలా తీసి, మిగతా 720 అక్షరాల పేజీలు ఛాయల్లో తీస్తే 21 జీబీతో సరిపోయింది.

పలుచటి కాగితం వెనక పేజీ అక్షరాలు ముందుకు కనబడితే, వెనకాల నల్ల కాగితం పెట్టండి. తెల్లది పెడితే ఇంకా ఎక్కువ కనిపిస్తాయి. అద్దం మీద ద్రవం చిమ్మకూడదు, గుడ్డమీద చిమ్మి తుడవాలి. ప్రతి 20 రంగు పేజీలకు ఒకసారి బూడిదరంగు కార్డు స్కాన్ చేసుకుంటే, రంగు ఎక్కడ జారిందో తరువాత తెలుస్తుంది.

అక్షరాలు గుర్తించే పనికి టెసరాక్ట్ అనే ప్రోగ్రాములోని తెలుగు నమూనా. ఈమధ్య అచ్చైనవాటికి ఫరవాలేదు. సీసపు అక్షరాలతో అచ్చైన పాత పత్రికల్లో వత్తులు రాలిపోతాయి, ద-ధ-థ, ప-ష-స ఒకదానికొకటి మారతాయి. అందుకని శీర్షిక, రచయిత, తేదీ, పేర్లు చేత్తో ఎక్కిస్తున్నాం. యంత్రం చదివినది వెతకడానికి మాత్రమే, చదివేవాళ్లకు చూపించం.

*ఇప్పటికి: పేజీలు 860, జాగా 21 జీబీ.*

దశ 6: హక్కులు

1. చిత్రాలు. మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1941కి ఆ గడువు 2001 చివరికి తీరింది. చిత్రాలమీద కాపీరైట్ లేదు.
2. ఉత్తరాలు. ఇక్కడే అందరూ జారతారు. ఆమె పోయాక మొదటిసారి అచ్చైన రాతలకు లెక్క అచ్చైన ఏడాది నుంచి. ఆమె చెల్లెలి కొడుకు వివాన్ సుందరం సంపాదకత్వంలో 2010లో వచ్చిన సంపుటాల్లో మొదటిసారి వెలుగుచూసిన ఉత్తరానికి 2070 చివరిదాకా హక్కు ఉంటుంది. ఉత్తరాల పాఠం పెట్టకుండా తేదీ, ఎవరికి, ఎక్కడి నుంచి, ఏ చిత్రం ప్రస్తావన ఉంది, ఏ పుట అన్నదే సూచికలో పెడుతున్నాం.
3. ఫొటోలు. చిత్రం స్వేచ్ఛగా ఉన్నా, దాన్ని ఫొటో తీసినవాళ్ల హక్కు వేరే లెక్క. పుస్తకాల నుంచి తీసిన స్కాన్లు లోపలి పోలికకే. బయటి పేజీలో మ్యూజియం పేజీకి లింకు ఇస్తున్నాం.
4. కళానిధి ప్రకటన. 1972 చట్టం కింద ఆమె కృతులు దేశం దాటించకూడని కళానిధులు. అది అసలు చిత్రం ఎగుమతి గురించి. బొమ్మలు వాడుకోవడానికీ దానికీ సంబంధం లేదు. రెండూ కలిపి చెప్పేవాళ్లు చాలామంది, రికార్డులో వేరే గడి పెట్టండి.

దశ 7: డిస్కులు, కరెంటు

కాపీ అవుతుండగా కరెంటు పోయి ఒక ఫోల్డరు మొత్తం కనబడకుండా పోయింది. కారణం డిస్కు ఫార్మాటు. బయట కొనే డిస్కుల్లో చాలావాటికి ఎక్స్‌ఫ్యాట్ ఉంటుంది, దానికి జర్నల్ (చేస్తున్న మార్పుల చిట్టా) లేదు, రాస్తుండగా ఆగితే పట్టిక చెడుతుంది. లినక్స్ కంప్యూటరుకు ఈఎక్స్‌టీ4, విండోస్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్ చేసుకుని, యూపీఎస్ లేకుండా పెద్ద కాపీ మొదలుపెట్టకండి.

ప్రతి ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్య (ఫైలు మారితే మారిపోయే వేలిముద్ర లాంటిది) స్కాన్ అయిన రోజే తీసి, సీఎస్‌వీలో రాసి, కాగితం మీద కూడా అచ్చేసి ఉంచుతున్నాం. కాపీ చేశాక కొత్త డిస్కులో మళ్లీ లెక్కించి పోల్చాలి. ఫైళ్ల సంఖ్య సరిపోయిందని వదిలేస్తే సగం రాసిన ఫైలు కూడా లెక్కలోకి వస్తుంది. రెండు డిస్కులు కడపలో, మూడోది ప్రొద్దుటూరులో.

వెబ్‌సైటు గురించి చెప్పేది తక్కువ. డేటాబేసు నుంచి మామూలు పేజీలు తయారుచేసి ఎక్కిస్తున్నాం, సర్వర్‌లో ప్రోగ్రామేదీ నడవదు. పేజీ చిరునామాలో కృతి సంఖ్యే ఉండాలి, పేరు వద్దు. పేర్లు మారతాయి. రెండు రికార్డులు ఒకటేనని తేలితే ఒక సంఖ్యను మూసి రెండోదానికి దారి మళ్లించాలి, మూసిన సంఖ్యను ఇంకో చిత్రానికి ఎప్పుడూ ఇవ్వకూడదు. ఎవరో ఒక వ్యాసంలో ఆ సంఖ్యను ఉదహరించి ఉంటారు.

తరువాతి విడత

సరాయా కాలపు చిత్రాలు, 1938 నుంచి 1941 దాకా. ఎక్కించే ముందు చేయవలసినవి:

1. 'ఏన్షెంట్ స్టోరీ టెల్లర్' రికార్డులోని ప్రతి పాఠాన్నీ ఆధారం పుటతో మళ్లీ సరిచూడడం.
2. 1937 నవంబరులో లాహోర్ ఫలెటీస్ హోటల్ ప్రదర్శనను సంఘటనగా ఎక్కించి, అందులో పెట్టిన చిత్రాలకు పాఠాలు కలపడం.
3. 1978 తపాలా బిళ్ల మీది 'హిల్ విమెన్'ను కృతిగా కాకుండా ఆధారంగా నమోదు చేయడం.

*ఇప్పటికి: కృతులు 51, పాఠాలు 530, ఇష్టపాఠం ఇంకా తేలని అంశాలు 46.*